ముట్టని ఆటపెట్టె

"నల్లాకు కట్టనీకి నీకు ఇంకే గుడ్డ దొరకలేదా అమ్మా?"

ఇమ్రాన్ గొంతు వాకిట్లోంచి వంటింటిదాకా వచ్చింది. జొన్నరొట్టె తడుతున్న జీనత్ చెయ్యి ఆగింది.

"దొరకలే. పాత గుడ్డ పీలికలైపాయె," అంది హనీఫా తాపీగా. "ఇది మంచిగ బిర్రుగ పట్టింది. సూడు, నీళ్లెంత తేటగ పడుతున్నయో. ఒక్క నలక లేదు."

"అది సాక్సు. కొత్త సాక్సు."

"నాకేమెరుక? మంచం కింద కవరుల ఉండె. ఈ ఇంట్ల సాక్సులు తొడిగెటోళ్లు ఎవరున్నరు కొడుకా? నువ్వు చెప్పులేసుకొని బండి నడుపుతవ్. మీ బాపుకు ఆ చెప్పులు గూడ బరువే."

జీనత్ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. నల్లా మూతికి తెల్లని సాక్సు, పైన నీలం గీతలు. అది నీళ్లతో ఉబ్బి, లోపల కాలున్నట్టే నిండుగా వేలాడుతోంది. అంత చిన్న పాదం ఈ ఇంట్లో ఒక్కరిదే.

"ఎవరివి అవి?"

బిందె నిండుతున్న చప్పుడు మారింది.

"కవరుల ఇంకేమున్నయి అత్తమ్మా?"

తను ఎక్కడ చెయ్యి పెట్టిందో హనీఫాకు అప్పుడుగాని అర్థం కాలేదు. "టై ఉన్నట్టుంది బిడ్డా. ఒక బెల్టు. నేను మంచిగ సూడలే," అంటూ బిందె మార్చే నెపంతో వంగింది.

జీనత్ భర్త వైపు తిరిగింది. "బిడ్డ బడి సంగతి ఐతారం దాకా ఆలోచన చేద్దామన్నవ్ గద."

"చేసిన. అయిపోయింది. మల్లికార్జున్ సార్ రేపు నా వ్యాన్ల మనూరికొస్తుండు. కొత్త పిల్లల పేర్లు ఆయనే రాసుకుంటడట. మొదటి పేరు అల్మాస్‌ది అని చెప్పిన."

"నాకు చెప్పినవా?"

"నీకు చెప్తే ఏమంటవో నాకు తెల్వదా?"

ఇమ్రాన్ నడిపే పసుపు వ్యాను చౌటుప్పల్లో మల్లికార్జున్ పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిది. జీనత్ ఈ ఊరి అంగన్‌వాడీ టీచరు. పొద్దున అతను హారన్ కొడితే ఎక్కే ప్రతి చిన్నపిల్లా ఆమె తెరిచే తలుపు దగ్గర కనిపించకుండా పోయే పిల్లే. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాలిద్దరూ దాన్ని తలుచుకుని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు ఆగిపోయి ఏడాది దాటింది.

"ఫీజు గూడ వద్దన్నడు సార్. డ్రైవర్ బిడ్డ గద, ఊరికెనే చదివిస్త అన్నడు."

"ఎందుకు ఊరికెనే? టీచర్ బిడ్డ ఎక్కింది గద అని తక్కినోళ్లు గూడ ఎక్కుతరని."

"ఎక్కితే తప్పేంది? నా బండి నిండాలె. నిండకుంటే రెండూళ్లకు ఒక్కటే వ్యాను పెడ్తడట. గప్పుడు ఇద్దరు డ్రైవర్లల్ల ఎవరిని తీసేస్తడో నీకెరుకే."

"నా సెంటర్ నిండకుంటే పక్కూరి సెంటర్ల కలుపుతరు. అదీ నీకెరుకే."

లోపలి నుంచి మాడు వాసన వచ్చింది. అరుగు మీద బొంత కుట్టుకుంటున్న మామ అహ్మద్ అలీ సూది మీది నుంచి కన్ను తియ్యకుండానే అన్నాడు. "కొట్లాట యాడికి పోదు. ముందుగాల రొట్టె సూడుండ్రి."

ఎవరూ కదల్లేదు. నిద్రమొహంతో అల్మాస్ గడప దాటి వచ్చి నల్లాను చూసింది.

"అది నా సాక్సు," అంది. "నాయిన తెచ్చిండు. అమ్మకు చెప్పద్దన్నడు."

నాలుగేళ్ల పిల్ల. దాచమన్నది ఎన్ని రోజులు దాచిందో, అందులో ఏ రాత్రి తల్లి పక్కన పడుకుని చెప్పబోయి ఆగిందో. జీనత్ పిల్ల నుదుటి మీది జుట్టును మోచేత్తో పక్కకు తోసింది.

ఇమ్రాన్ రొట్టె తినకుండానే వ్యాను ఎక్కాడు. సందు మలుపులో హారన్ మోగింది, అవసరమైన దానికంటే గట్టిగా.

*

సెంటరు ఊరి నడుమ ఒకప్పటి రేషన్ దుకాణం గదిలో నడుస్తోంది. పైన సిమెంటు రేకులు. మిరుగు కార్తె వచ్చి వారం దాటినా వాన జాడ లేదు. పత్తి గింజలు తెచ్చుకున్నవాళ్లు పొద్దున లేస్తూనే మబ్బుల వైపు చూస్తున్నారు. మబ్బులు వస్తున్నాయి, ఉక్క పెంచి పోతున్నాయి.

"మొఖం గట్లున్నదేంది టీచరమ్మా?" అంది ఆయా నాగులమ్మ, గుడ్లు ఉడకేస్తూ. "ఇంట్ల ఏమన్న అయ్యిందా?"

"ఏం కాలే నాగులక్క."

"ఏం కాకుంటే చీపురు తలకిందులు పట్టుకొని ఊడుస్తున్నవేంది?"

జీనత్ చీపురు తిప్పి పట్టుకుంది. పిల్లలు ఒకరి అంగీ ఒకరు పట్టుకుని వ్యాను ఆట ఆడుతున్నారు. అందరికంటే ముందు అల్మాస్. నోటితో హారన్ కొడుతోంది. ఆ హారన్ అచ్చం తండ్రిదే.

అప్పుడే బయట స్కూటీ ఆగింది. వచ్చే వారం వస్తానన్న సూపర్‌వైజర్ కౌసల్య ఈ రోజే వచ్చింది.

కౌసల్య కుర్చీ వద్దని పిల్లల మధ్యే చాప మీద కూర్చుంది. పాట పాడమంది, పాడారు. కుందేలు కథ చెప్పమంటే అఖీల్ లేచి చెప్పాడు. మధ్యలో కుందేలుకు బదులు వాళ్ల మేకపిల్ల వచ్చింది గాని కథ ఆగలేదు. ఎవరి అంగీ ఏ రంగో చెప్పారు. నాగులమ్మ పొయ్యి దగ్గర నుంచే తలూపుతూ మురిసిపోయింది. జీనత్ ఊపిరి కొంచెం తేలికైంది.

"బాగుంది. ఇప్పుడు ఆటసామాను తియ్యండి."

జీనత్ చెయ్యి సంచి లోపలి జిప్పులోని తాళంచెవి మీదికి పోయింది.

ఆ పెట్టె సంగతి ఇది. అంతకు ముందు వచ్చిన ఆటపెట్టెను జీనత్ పిల్లల ముందు కుమ్మరించేది. పూసలు పోయాయి. రెండు చెక్కబిళ్లలు ఎవరి జేబులోనో ఇంటికి పోయాయి. అప్పటి సూపర్‌వైజర్ మండల మీటింగులో ఆమెను నిలబెట్టి, పోయినవన్నీ ఒక్కొక్కటి పేరు పెట్టి చదివింది. డిగ్రీ చదివిన జీనత్, బడిలో ఏనాడూ మాట పడని జీనత్, ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఇంటికి వచ్చింది. కొత్త పెట్టె రాగానే బీరువాలో పెట్టి తాళం వేసింది. నెలకోసారి తీసి, తుడిచి, చాప మీద వరసగా పేర్చేది. చుట్టూ పిల్లలను చేతులు కట్టించి కూర్చోబెట్టి ఫోటో తీసి పైకి పంపేది. మళ్లీ లోపల పెట్టేది. ఒక్క పూస పోలేదు.

ఇప్పుడూ అలాగే చాప మీద పేర్చింది. చెక్కబిళ్లలు, పూసలు, రంగుల గిన్నెలు. కొన్నింటి మీద వచ్చిన నాటి ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది.

పిల్లలు ఎవరూ చెప్పకుండానే గుండ్రంగా కూర్చున్నారు. చేతులు కట్టుకున్నారు. అందరూ జీనత్ చేతిలో ఫోను కోసం చూశారు.

"ఆడుకోండి," అంది కౌసల్య.

ఎవరూ కదల్లేదు.

కౌసల్య ఒక ఎర్ర బిళ్ల తీసి అఖీల్ ముందు పెట్టింది. "దీని మీద ఆ పచ్చది నిలబెట్టు నాన్నా." అఖీల్ జీనత్ మొహం చూశాడు. రెండు చేతులూ చంకల్లోకి ఇంకా లోపలికి దోపుకున్నాడు.

"ఏమైంది? రాదా?"

జవాబు చెప్పింది అల్మాస్. తెలిసిన సంగతి తెలియని వాళ్లకు చెప్పే ఓపికతో చెప్పింది. "ముట్టద్దు మేడం. ఫోటో దిగినంక లోపల పెడ్తరు."

పొయ్యి మీది గిన్నె మూత టపటపలాడింది. నాగులమ్మ దాన్ని దించడం మరిచిపోయింది.

కౌసల్య కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె చాలాసేపు ఆ ఎర్ర బిళ్లనే చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"ఎప్పటి నుంచి ఇట్లా?"

"పోయినేడు నుంచి మేడం. పోతయని..."

"పోతే పోయినయని రాస్తం. పిల్లలున్న చోట పోవా?"

"పాత మేడం నన్ను మీటింగుల అందరి ముందట నిలబెట్టిండ్రు."

"నేను నిలబెట్టిన్నా?"

జీనత్ తల వంచుకుంది.

"ఇప్పుడు నేను ఏం రాయాలె జీనత్? పిల్లలకు రాదని రాయాల్నా, టీచర్ ఇయ్యలేదని రాయాల్నా?"

"ఇయ్యలేదని రాయండి మేడం. వాళ్లకు రాకపోవుడు కాదు."

కౌసల్య ఆమె వైపు ఒకసారి చూసి, రాసుకుంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. "ఈ నెలాఖరుకు పిల్లల లెక్క పైకి పోతది. ఉన్నోళ్లల్ల ఒక్కరు తగ్గినా ఈ సెంటర్ను నేను కాపాడలేను. మీ పాప ఇక్కడనే ఉంటదా?"

"ఇంకా తెల్వదు మేడం."

"ఊరోళ్లు నీ మాట వినరమ్మా. నీ బిడ్డ ఎటు పోతదో చూస్తరు."

స్కూటీ పోయింది. జీనత్ అలవాటుగా వంగి బిళ్లలు పెట్టెలో సర్దసాగింది. ఎర్రవి, పచ్చవి, పసుపువి. పిల్లలు ఇంకా చేతులు కట్టుకునే ఉన్నారు. వాళ్లకు ఇదంతా మామూలే అని తట్టేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పెడ్తవా, ఉంచుతవా?" అంది నాగులమ్మ. "గుడ్లు సల్లారుతున్నయ్."

జీనత్ ఒక పసుపు బిళ్ల కూతురి వైపు చాపింది. అల్మాస్ తీసుకోలేదు.

"ఫోటో దియ్యవా?"

"దియ్య."

"పోతే?"

"పోతే పోనీ."

పిల్ల దాన్ని రెండు వేళ్లతో, కాలే పెనం అంచు పట్టుకున్నట్టు పట్టుకుంది. తరువాత అఖీల్ చేతులు చంకల్లోంచి బయటికి వచ్చాయి. ఆ తరువాత గదిలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నం అఖీల్‌ను తీసుకుపోవడానికి వచ్చిన వాళ్లమ్మ కృష్ణమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. కొడుకు నాలుక బయటపెట్టి, బిళ్ల మీద బిళ్ల నిలబెడుతున్నాడు. పిలిస్తే పలకలేదు.

"ఇంట్ల పిర్ర ఆనిచ్చి కూసోడు వీడు," అంది. "ఇవన్ని ఎప్పుడొచ్చినయ్ టీచరమ్మా?"

"పోయినేడు."

"పోయినేడా? మా ఎవ్వలికి ఎరుకనే లేదు గద." కృష్ణమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "ఈడ ఏమున్నది, గుడ్డు బువ్వ తప్ప అని... రేపు సార్ వస్తుండట గద. మావోని పేరు గూడ రాయిద్దామని మా ఆయన అంటుండు. ఏమనుకోకు. ఎట్లైనా మీ ఇంటాయన బండేనాయె."

వాళ్లు పోయాక కూడా ఆ మాట గదిలోనే తిరిగింది. మా ఎవ్వలికి ఎరుకనే లేదు గద.

*

పొద్దుగూకే వేళకు ఇమ్రాన్ ఇంటి ముందు వ్యాను కడుగుతున్నాడు. రేపు సార్ ఎక్కే బండి. సీట్లు దులిపాడు, అద్దాలు తుడిచాడు, ముందు అద్దానికి వేలాడే ఆకుపచ్చ గుడ్డ మార్చాడు. పొద్దున తినకుండా పోయిన కోపం దిగినట్టే ఉంది గాని దాని స్థానంలో ఇంకోటి వచ్చింది.

"నీ సెంటర్ల పిల్లలు ఫోటోలకే ఆడుతరట గద," అన్నాడు జీనత్ దగ్గరికి రాగానే. "హోటల్ కాడ అందరు నవ్వుతున్నరు."

"అవును," అంది జీనత్.

కొట్లాటకు సిద్ధంగా ఉన్న మనిషికి ఆ ఒక్క మాట అడ్డం తగిలింది. అతని చేతిలో పైపు నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"అవునంటవేంది?"

"అయ్యిందే గద. తప్పు నాదే."

"మల్ల నా బిడ్డను ఆడ ఎందుకుంచాలె?"

జీనత్ ఖాళీ బకెట్ తీసుకుని అతని పక్కన పెట్టింది. కాసేపటికి, "మీ బడిల గంత చిన్నోళ్లు ఏం చేస్తరు?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"రాస్తరు. ఏ, బీ, సీ. పేజీలకు పేజీలు. తల్లిదండ్రులకు చూపెట్టాలె గద."

"చేతిల పెన్సిల్ నిలబడతదా?"

"నిలబడకున్నా రాస్తరు." ఇమ్రాన్ టైరు మీద నీళ్లు కొడుతూ మాట్లాడుతున్నాడు. "మొన్న ఒక పోరడు వ్యాన్ల నిద్రపోయిండు, పెన్సిల్ పిడికిట్లనే ఉన్నది. మలుపు తిరిగినప్పుడల్లా చిన్నోళ్ల తలకాయలు కిటికీకి కొట్టుకుంటయ్. మెల్లగ పోనిస్త గాని..."

తనేం చెబుతున్నాడో అతనికి అప్పుడు వినపడింది. పైపు ఆపేశాడు.

జీనత్ వ్యాను లోపలికి చూసింది. డ్రైవరు వెనక మొదటి సీటులో, కిటికీ ఊచకు ఒక పాత దుప్పటి ముక్క మెత్తగా మడిచి కట్టి ఉంది. అహ్మద్ అలీ కుట్టు అది. ఎవరి తల కోసమో అడగాల్సిన పని లేదు.

"ఎప్పుడు కట్టినవ్?"

"నిన్న," అన్నాడు ఇమ్రాన్, అటు తిరిగి.

దూరంగా హైవే మీద లారీల రొద. మబ్బు ఒకటి వచ్చి ఊరి మీద నిలబడి, మనసు మార్చుకున్నట్టు పోయింది.

*

ఆ రాత్రి పచ్చిపులుసు, గుడ్డు పొరటు. హనీఫా పొద్దుటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అందుకే అందరికీ అడగకుండానే రెండోసారి వడ్డిస్తోంది.

"గా సాక్సు ఉతికి ఆరేస్త కొడుకా," అంది చివరికి. "నీళ్లే గద పోసింది, మసి పూసిన్నా?"

"దాని మాట తియ్యకు అమ్మా."

"నేనెందుకు తీస్త. ఇంట్ల మాట్లాడనీకి ఇంకేం లేదు మరి."

అహ్మద్ అలీ నవ్వబోయి, కోడలి మొహం చూసి, గిన్నెలోకి తల దించాడు.

జీనత్ కంచం ముందు కూర్చుందే గాని ముద్ద కలపలేదు.

"ఒక మాట చెప్తున్న. అందరు ఇనుండ్రి."

హనీఫా గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

"రేపు పొద్దుగాల వ్యాను ఆగే కాడికి నేను గూడ వస్త. ఆటపెట్టె మొత్తం తెస్త. ఆడనే చాప ఏసి కుమ్మరిస్త. తల్లులందరు పిల్లలను పట్టుకొని ఆడనే నిలబడతరు గద. సూస్తరు. పిల్లలు ముట్టుకుంటరు."

ఇమ్రాన్ చేతిలో ముద్ద అలాగే ఉంది. "నా వ్యాను కాడనా?"

"నీ వ్యాను కాడనే."

"సార్ ఉంటడు బండ్ల."

"ఉండనీ. ఆయన గూడ సూస్తడు."

"మేడం ఏమంటదో?" అంది హనీఫా. "సర్కారు సామాను రోడ్డు మీద పరిచినవని?"

"అంటే పడ్త అత్తమ్మా. బీరువాల దాచి పడ్డ మాట కంటె ఎక్కువేం కాదు."

"పెట్టె బరువుంటదా?" అని అడిగాడు అహ్మద్ అలీ. భార్య అతని వైపు ఉరిమి చూసింది. "ఊకె అడిగిన," అన్నాడు.

ఇమ్రాన్ ముద్ద కంచంలో వదిలేశాడు. గొంతు తగ్గింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఇంత మెల్లగా మాట్లాడటం జీనత్ ఎప్పుడూ వినలేదు.

"ఎల్లుండి పెట్టుకో జీనత్. నీకు దండం పెడ్త. ఎల్లుండి, అవుతలెల్లుండి, రోజూ పెట్టుకో. రేపొక్క దినం వద్దు. పిల్లలు ఎక్కకుంటే సార్ నన్ను బండ్లకెల్లి దించేస్తడు."

"ఎల్లుండికి పేర్లు రాసుడు అయిపోతది."

"మల్ల నా నౌకరీ?"

జీనత్ నీళ్ల చెంబు అతని ముందుకు జరిపింది. "నేను ఎవరి చెయ్యి పట్టి గుంజ. ఒక్క మాట గూడ అన. హారన్ నువ్వే కొట్టు. ఎక్కెటోళ్లు ఎక్కుతరు."

"అల్మాస్?"

అందరి చూపూ పిల్ల మీదికి పోయింది. అల్మాస్ పొరటులోంచి గుడ్డు ముక్కలు ఏరి, కంచం అంచున ఒకదాని మీద ఒకటి నిలబెడుతోంది. నాలుగోది పడిపోయింది. మళ్లీ పెట్టింది.

"అమ్మా, రేపు నేను సాక్సు ఏసుకోవాల్నా, వద్దా?"

ఇమ్రాన్ జీనత్ వైపు చూశాడు. జీనత్ ఇమ్రాన్ వైపు చూసింది. వాకిట్లో నల్లాకు ఇంకా ఎవరూ విప్పని సాక్సులోంచి ఒక్కొక్క చుక్కే బిందెలో పడుతోంది.